ఏ సరస్సుకి వెళ్దాం?

మార్చి నెల వచ్చిందంటే మా ఇంట్లో ఒక వాదన మొదలవుతుంది. మేముండేది అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలో. మార్చిలో మా పెరట్లో మంచు ఇంకా పూర్తిగా కరగదు. ఊళ్ళో చెరువులు గడ్డకట్టే ఉంటాయి. అయినా సరే, రాత్రి అన్నాలయ్యాక బల్ల చుట్టూ కూర్చుని అందరం ఒకే విషయం మాట్లాడుకుంటాం. "ఈ వేసవిలో ఏ సరస్సు ఒడ్డున టెంట్ వేద్దాం?"

అంత ముందుగా ఎందుకు అంటారా? ఇక్కడి స్టేట్ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్ సైట్‌ని 120 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. జులై చివర్లో వెళ్ళాలంటే మార్చి చివర్లోనే కూర్చోవాలి. ఒడ్డు పక్కనున్న మంచి సైట్లు ముందుగా అయిపోతాయి.

మినెసోటాకి "పదివేల సరస్సుల రాష్ట్రం" అని పేరు. కార్ల నంబర్ ప్లేట్ల మీద కూడా ఆ మాటే ఉంటుంది. నిజానికి పది ఎకరాలు, అంతకంటే పెద్ద సరస్సులు ఇక్కడ 11,842 ఉన్నాయి. ఇన్నింటిలో ఒకటి ఎంచుకోవాలంటే ఎలా? మా అబ్బాయి ఫొటోలు చూసి ఎంచుకుంటాడు. మా వారు మ్యాప్ చూసి, మా అమ్మాయి ఐస్‌క్రీమ్ కొట్టు ఎంత దూరమో చూసి ఎంచుకుంటారు.

నేను మాత్రం ఇప్పుడు ఇంకో మాట అంటున్నాను. మనతో వచ్చేవాళ్ళలో అందరికంటే ఎక్కువ కష్టపడేది ఎవరో ముందు చూడాలి. వాళ్ళకి పనికొచ్చే సరస్సే మనందరి సరస్సు అవ్వాలి. ఇది నా అభిప్రాయం. ఎందుకు అలా అనుకుంటున్నానో చెప్తాను. చదివాక మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

ఫొటో చూసి వెళ్ళిన ఏడాది

రెండేళ్ళ కిందటి మాట. మా అత్తయ్యగారు, అంటే మా పిల్లల నానమ్మ, ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. వాళ్ళ ఊరు కైకలూరు దగ్గర. అక్కడ కొల్లేరు సరస్సు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉండే పెద్ద మంచినీటి సరస్సు అది. చిన్నప్పుడు ఆవిడ తాటి దోనెలో ఎక్కి చుట్టాల ఊరికి వెళ్ళేవారట. దోనె అంటే మీరు ఇక్కడ చూసే కెనూ లాంటిదే. తాటిచెట్టు మానుని తొలిచి చేసేవాళ్ళు.

ఆ ఏడాది మా అబ్బాయి సుపీరియర్ సరస్సు ఫొటో ఒకటి చూపించాడు. ఎర్రటి కొండరాళ్ళు, నీలం నీళ్ళు, ఎక్కడా అవతలి ఒడ్డు లేదు. "అమ్మా, ఇక్కడికే!" అన్నాడు. మేం కూడా సరే అనేశాం. సుపీరియర్ మామూలు సరస్సు కాదు మరి. విస్తీర్ణంలో చూస్తే ప్రపంచంలోని మంచినీటి సరస్సుల్లో అదే అన్నింటికంటే పెద్దది. దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు. మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో సగం అంత! బాగా లోతైన చోట 1,333 అడుగులు ఉంటుంది.

మేం బుక్ చేసుకున్నది "కార్ట్-ఇన్" సైట్. అంటే కారు అక్కడిదాకా వెళ్ళదు. పార్కింగ్ దగ్గర చక్రాల బండి ఇస్తారు. టెంట్, దుప్పట్లు, వంట సామాను అందులో వేసుకుని లాక్కుంటూ వెళ్ళాలి. ఆ సంగతి వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాసే ఉంది. మేమే సరిగ్గా చదవలేదు. ఫొటో మీదే ధ్యాస.

దారి ఎగుడుదిగుడుగా ఉంది. నానమ్మకి మోకాళ్ళ నొప్పులు. పది అడుగులు వేయడం, ఆగడం. "మీరు పదండమ్మా, నేను మెల్లిగా వస్తా" అని ఆవిడ అంటూనే ఉన్నారు. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే టార్చిలైట్ పట్టుకుని చీకట్లో వేళ్ళూ రాళ్ళూ దాటుకుంటూ నడవాలి. అందుకని ఆవిడ సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారు. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

మొదటి రోజంతా ఆవిడ టెంట్ దగ్గరే ఉండిపోయారు. మేం ఒడ్డుకి వెళ్ళి ఫొటోలు దిగి వచ్చాం. రెండో రోజు మా వారు పట్టుబట్టి, చెయ్యి పట్టుకుని నడిపించి, నీళ్ళ దగ్గర మడత కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఆ రోజే జరిగింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. ఒడ్డున రాళ్ళ మీద నిలబడి నీళ్ళలో గులకరాళ్ళు విసురుతోంది. నేను రెండు బారల దూరంలో ఉన్నాను. కానీ చూస్తున్నది ఫోన్‌లో, ఇందాక తీసిన ఫొటో ఎలా వచ్చిందా అని. రాయి మీద నాచు. దాని కాలు జారింది. నడుం లోతు నీళ్ళలో పడింది. చప్పుడు పెద్దగా రాలేదు. అది అరవలేదు కూడా.

"పిల్ల! పిల్ల!" అని నానమ్మ కేక వేశారు.

ఆ కేక విని తలెత్తాను. దూకి చెయ్యి పట్టుకుని లాగాను. అంతా రెండు మూడు క్షణాల్లో అయిపోయింది. పిల్లకి ఏమీ కాలేదు. కానీ దాని పెదాలు నీలంగా మారాయి, మాట రాలేదు. నా కాళ్ళు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

తర్వాత చదివి తెలుసుకున్నాను. సుపీరియర్ నీళ్ళ సగటు చలి 40 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. అంటే ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళంత. వేసవిలో ఒడ్డు దగ్గర కొంచెం తగ్గినా, ఈతకొలనులా అయితే ఉండదు. అంత చన్నీళ్ళలో ఒక్కసారిగా పడితే మన ఒళ్ళు తనంతట తానే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో గొంతు పెగలదు. మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా చేతులూపుతూ "కాపాడండి" అని అరుస్తారనుకుంటాం. చాలాసార్లు చప్పుడు లేకుండానే మునిగిపోతారు.

అప్పుడు ఒక సంగతి అర్థమైంది. ఎవరిని వెంట తీసుకెళ్ళడం కష్టం అనుకున్నామో, ఆ రోజు మా పిల్లని చూసింది వాళ్ళే. ఆవిడకి ఈత రాదు. నీళ్ళలోకి దిగి లాగలేరు. కానీ ఆవిడ చూపు నీళ్ళ మీద ఉంది. ఆవిడ టెంట్ దగ్గరే ఉండిపోయి ఉంటే ఆ కేక వేసేవాళ్ళే లేరు.

నాలుగు ప్రశ్నలు

ఇంటికొచ్చాక మేం నాలుగు ప్రశ్నలు రాసుకుని ఫ్రిజ్ మీద అతికించాం. ఇప్పుడు ఏ క్యాంప్‌గ్రౌండ్ చూసినా ముందు ఇవే అడుగుతాం.

మొదటిది: నీళ్ళు ఎలాంటివి? చల్లగా ఉంటాయా, వేసవికి వెచ్చబడతాయా? ఒడ్డున ఇసకా, రాళ్ళా? లోతు మెల్లిగా పెరుగుతుందా, ఒక్కసారిగా పడిపోతుందా? ఈత కోసం వేరే బీచ్ ఉందా? అక్కడ తేలే బంతులు కట్టి హద్దు పెట్టారా? ఇంకో ముఖ్యమైన సంగతి. స్టేట్ పార్కుల బీచ్‌ల దగ్గర మామూలుగా లైఫ్‌గార్డ్ ఉండరు. చూసుకోవలసింది మనమే.

రెండోది: ఎంత దూరం నడవాలి? కారు నుంచి టెంట్‌కి, టెంట్ నుంచి బాత్‌రూమ్‌కి, బాత్‌రూమ్ నుంచి నీళ్ళకి. క్యాంప్‌గ్రౌండ్ మ్యాప్‌లో ఇవన్నీ కనిపిస్తాయి. సైట్ పక్కనే కారు ఆపుకునేవి కొన్ని. బండి లాక్కెళ్ళేవి కొన్ని. సామాను వీపున మోసుకెళ్ళేవి కొన్ని. పడవలో తప్ప చేరలేనివి కూడా ఉన్నాయి. టెంట్‌లో నేల మీద పడుకోలేనివాళ్ళ కోసం చాలా పార్కుల్లో చిన్న చెక్క గదులు ఉంటాయి. వాటిని క్యాంపర్ క్యాబిన్లు అంటారు. మంచాలుంటాయి, కొన్నింటిలో కరెంటు కూడా ఉంటుంది. బాత్‌రూమ్ మాత్రం బయటే.

మూడోది: ఈదలేనివాళ్ళు, కొండ ఎక్కలేనివాళ్ళు రోజంతా ఏం చేస్తారు? ఈ ప్రశ్న మనం అసలు అడగం. "పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుంటారులే" అనేస్తాం. కుర్చీలో కూర్చుని ఏం చూడాలి? పార్కింగ్ లాటా?

నాలుగోది: ఎప్పుడు వెళ్ళాలి? ఉత్తరాది వేసవి చిన్నది. జూన్‌లో దోమలు దండెత్తినట్టు వస్తాయి. నీళ్ళు కూడా అప్పటికి ఇంకా చల్లగానే ఉంటాయి. జులై చివర నుంచి ఆగస్టు మధ్య వరకు చిన్న సరస్సులు వెచ్చగా ఉంటాయి, దోమలు కాస్త తగ్గుతాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే అదే మంచి సమయం అని నేననుకుంటాను.

నానమ్మ మిసిసిపీ దాటిన ఏడాది

పోయిన ఏడాది నానమ్మ మళ్ళీ వచ్చారు. నాలుగు ప్రశ్నలూ దగ్గర పెట్టుకుని వెతికితే మాకు ఇటాస్కా స్టేట్ పార్కు దొరికింది. మినెసోటాలో అన్నింటికంటే పాత స్టేట్ పార్కు అది. పెద్ద పెద్ద పైన్ చెట్లని కలప కోసం కొట్టేస్తుంటే, మిగిలినవాటిని కాపాడడానికి 1891లో దాన్ని ఏర్పాటు చేశారు. మినియాపొలిస్ నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. పార్కులో వందకి పైగా సరస్సులున్నాయి. వాటిలో ఇటాస్కా సరస్సు నుంచే మిసిసిపీ నది పుడుతుంది.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఆ నేల ఒజిబ్వే ప్రజలది. వాళ్ళు ఆ సరస్సుని తమ భాషలో ఎల్క్ సరస్సు అనేవాళ్ళు. ఎల్క్ అంటే పెద్ద కొమ్ముల జింక జాతి జంతువు. 1832లో ఒజావిండిబ్ అనే ఒజిబ్వే నాయకుడు దారి చూపిస్తే, హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన అక్కడికి చేరాడు. ఆయన లాటిన్‌లో "నిజమైన తల" అని అర్థం వచ్చే రెండు మాటల్లోంచి ముక్కలు తీసి, కలిపి, ఇటాస్కా అని కొత్త పేరు పెట్టాడు. దారి చూపించినవాళ్ళకి ఆ సరస్సు అంతకుముందే తెలుసు, దానికి పేరూ ఉంది. మా అమ్మాయికి ఇది చెప్తే, "మరి ఆ పేరే ఉంచొచ్చు కదా?" అంది. నాకూ అలాగే అనిపించింది.

ఇక మా ప్రశ్నలకి జవాబులు. ఈత బీచ్‌లో ఇసక ఉంది. సైట్ పక్కనే కారు ఆపుకోవచ్చు. బాత్‌రూమ్ దగ్గర. నది పుట్టే చోటుకి కొద్ది దూరమే నడక, దారి చదునుగా ఉంటుంది.

అక్కడ మిసిసిపీ ఎలా ఉంటుందో తెలుసా? మోకాలి లోతు. పిల్లలు రాళ్ళ మీద అడుగులేస్తూ దాటేస్తారు. ఆ నీళ్ళే 2,300 మైళ్ళకి పైగా ప్రయాణం చేసి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలుస్తాయి. ఇక్కడి నీటిబొట్టు అక్కడికి చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందని అంటారు.

రాళ్ళ మీద జారుతుంది కాబట్టి నానమ్మని అటు వెళ్ళనివ్వలేదు. పక్కనే చిన్న దుంగల వంతెన ఉంది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆవిడ దాని మీదుగా అటువైపుకి నడిచారు, మళ్ళీ ఇటు వచ్చారు. వచ్చి నవ్వుతూ, "గోదావరి దాటాలంటే రైలుకే అంతసేపు పడుతుందే! మీ మిసిసిపీని రెండుసార్లు దాటేశాను చూడు" అన్నారు. ఆ సాయంత్రమే కైకలూరికి ఫోన్ చేసి అందరికీ ఈ మాట చెప్పారు.

పొద్దు తొమ్మిది దాటినా గుంకలేదు. ఉత్తరాన వేసవి పగళ్ళు అంత పొడుగు. "ఇదేం ఊరమ్మా, సూర్యుడికి నిద్ర రాదా?" అన్నారు నానమ్మ. తర్వాత చీకటి పడ్డాక సరస్సు మీదనుంచి ఒక అరుపు వినిపించింది. ఎవరో దూరంగా ఏడుస్తున్నట్టు ఉంది. నానమ్మ ఉలిక్కిపడ్డారు. అది లూన్ అనే పక్షి, మినెసోటా రాష్ట్ర పక్షి. మా అబ్బాయి ఆవిడ పక్కన కూర్చుని దాని గురించి చెప్పాడు. చెప్పడం సగం తెలుగు, సగం ఇంగ్లీషు. అప్పుడు ఆవిడ కొల్లేటి పక్షుల గురించి మొదలుపెట్టారు. ఆటపాక దగ్గరికి వచ్చే గూడబాతులు, వాటి ముక్కు కింద సంచీ. "అవి పెలికాన్లు! ఇక్కడా ఉంటాయి నానమ్మా, తెల్లవి!" అన్నాడు వాడు. నిజమే, మినెసోటా సరస్సులకి వేసవిలో తెల్ల పెలికాన్లు వస్తాయి. ఆ రాత్రి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నంతసేపు మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంట్లో ఉన్నప్పుడు వాడు తన గదిలో, ఆవిడ టీవీ ముందు. సరస్సు ఒడ్డున ఇద్దరికీ వేరే గది లేదు. కానీ ఒక సంగతి మర్చిపోవద్దు. ఆవిడ ఆ ఒడ్డుకి నడిచి రాగలిగారు కాబట్టే ఆ మాటలు జరిగాయి.

మా అబ్బాయి ఒప్పుకోలేదు

మా అబ్బాయి నాతో పూర్తిగా ఏకీభవించలేదు. వాడి మాట కూడా మీకు చెప్పాలి. అభిప్రాయం రాసేటప్పుడు అవతలివాళ్ళ మాట దాచేయకూడదు.

వాడన్నాడు: "అమ్మా, ఇలా అయితే మనం ఎప్పుడూ సులువైన చోటుకే వెళ్తాం. బౌండరీ వాటర్స్‌కి ఎప్పుడు వెళ్తాం?"

బౌండరీ వాటర్స్ అంటే కెనడా సరిహద్దు పక్కనున్న అడవి ప్రాంతం. అక్కడ వెయ్యికి పైగా సరస్సులున్నాయి. చాలావాటిలో మోటారు పడవలు ఉండవు. కెనూలో ఒక సరస్సు దాటి, దిగి, కెనూని భుజాల మీద మోసుకుంటూ అడవిలో నడిచి, ఇంకో సరస్సులో దించాలి. దాన్ని పోర్టేజ్ అంటారు. ఒక గుంపులో తొమ్మిదిమందికి మించి ఉండకూడదు. ముందే పర్మిట్ తీసుకోవాలి. అక్కడ రాత్రి మన మంట తప్ప ఇంకో వెలుగు కనిపించదు. వాడికి అలాంటి చోటు కావాలి.

వాడి మాటలో నిజం ఉంది. ఇటాస్కాలో జులైలో జనం ఎక్కువ. పక్క సైట్‌లో పిల్లల ఏడుపు వినిపిస్తుంది. బీచ్‌లో చోటు వెతుక్కోవాలి. అందరికీ సులువైన చోటు ఎంచుకుంటే ఏకాంతం కొంత పోతుంది. అది లేదని నేననను.

నా జవాబు ఇది. కష్టమైన చోటుకి వెళ్ళొద్దని నేను అనడం లేదు. అందరం కలిసి వెళ్ళే ప్రయాణాన్ని అక్కడికి పెట్టొద్దు అంటున్నాను. వాడు, వాళ్ళ నాన్న, ఈత బాగా వచ్చిన ఇంకో ఇద్దరు కలిసి బౌండరీ వాటర్స్‌కి వేరేగా వెళ్ళొచ్చు. అప్పుడు కూడా లెక్క అదే. ఆ నలుగురిలో అందరికంటే తక్కువ బలం ఎవరిదో చూసి, వాళ్ళు మోయగలిగినంత దూరమే దారి వేసుకోవాలి. అడవిలో ఒకరు అలిసిపోతే గుంపంతా ఆగాల్సిందే కదా?

ఇటాస్కాలో కూడా వాడికి దక్కాల్సింది దక్కింది. రోజూ తెల్లవారుజామున, మిగతావాళ్ళు లేవకముందే, నాన్నతో కెనూలో సరస్సు మీదకి వెళ్ళేవాడు. నీళ్ళ మీద పొగమంచు, పక్కన లూన్లు, ఇంకెవరూ లేరు. కాఫీ వేళకి తిరిగొచ్చేవాళ్ళు.

మా స్నేహితురాలు ఒకావిడ ఇంకో మాట అంది. "పెద్దవాళ్ళని అంత దూరం తిప్పడం దేనికి? హాయిగా ఇంట్లో ఉంటారు కదా!" కొందరికి నిజంగా ఇల్లే హాయి. వాళ్ళని బలవంతం చేయకూడదు. కానీ ముందు అడగాలి. అడగకుండా "ఆవిడ రాలేదులే" అని మనమే తేల్చేయడం నాకు నచ్చదు. అడిగేటప్పుడు కూడా "వస్తారా?" అంటే మనవాళ్ళు "నాకెందుకమ్మా, మీరెళ్ళండి" అంటారు. అది మొహమాటం. "మంచం ఉంది, బాత్‌రూమ్ దగ్గర, నీళ్ళు కనిపిస్తాయి, వస్తారా?" అని అడిగి చూడండి. జవాబు మారొచ్చు.

నీళ్ళ దగ్గర రాజీ వద్దు

మిగతా విషయాల్లో ఎవరి ఇష్టం వాళ్ళది. టెంటా, క్యాబినా? పులిహోరా, శాండ్‌విచ్చా? ఆవకాయ జాడీ తెచ్చుకోండి, కానీ రాత్రి టెంట్‌లో మాత్రం ఉంచొద్దు. ఉత్తర మినెసోటా అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. తిండి వాసన వస్తే వచ్చి చూస్తాయి. అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. రాత్రి పది తర్వాత పాటలు ఆపేయండి. పక్క టెంట్‌లో కూడా ఎవరో నానమ్మ పడుకుని ఉండొచ్చు.

నీళ్ళ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అమెరికాలో మన తెలుగు విద్యార్థులు సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయారన్న వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. చాలామందికి ఈత రాదు. అక్కడి నీళ్ళ చలీ లోతూ తెలియదు. స్నేహితులు దిగారని దిగుతారు. ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు ఆ నాచు రాయి గుర్తొస్తుంది.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు కొన్ని కచ్చితమైన పద్ధతులున్నాయి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పెద్దవాళ్ళయినా సరే. మినెసోటాలో పడవ కదులుతున్నప్పుడు పదేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని చట్టమే ఉంది. చేతులకి తొడిగే గాలి బుడగలు ఆటబొమ్మలే, వాటిని నమ్మకూడదు. పిల్లలు నీళ్ళ దగ్గర ఉన్నంతసేపు ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు కాపలా ఉండాలి. వాళ్ళ చేతిలో ఫోన్ ఉండదు. అరగంటకోసారి మనిషి మారుతారు. నానమ్మ మాత్రం మారరు. ఆవిడ తన కుర్చీలోంచి రోజంతా రెండో కాపలా.

మీరు పిల్లలు. బుక్ చేసేది అమ్మానాన్నలే. అయినా మీరు చేయగలిగింది చాలా ఉంది. ఇంగ్లీషు వెబ్‌సైట్ మీరు గబగబా చదవగలరు. క్యాంప్‌గ్రౌండ్ మ్యాప్ తెరిచి, బాత్‌రూమ్ ఎక్కడ, బీచ్ ఎక్కడ, మెట్లు ఎక్కడ అని మీరే చూపించొచ్చు. అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో వివరించి చెప్పొచ్చు. "తాతయ్యా, కారు నుంచి ఎంత దూరం నడవగలరు?" అని అడగడానికి పెద్ద తెలుగు అక్కర్లేదు. కానీ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు మా ఇంట్లో రెండేళ్ళ కిందట ఒక్కరూ లేరు.

మీరుండే చోట సరస్సు ఉండకపోవచ్చు. మీది దుబాయ్ అయితే సముద్రపు ఒడ్డు, కౌలాలంపూర్ అయితే జలపాతం, డర్బన్ అయితే అలల బీచ్ కావచ్చు. ప్రశ్నలు మాత్రం అవే నాలుగు.

ఈ ఏడాది నానమ్మ రావడం లేదు. మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నారు. డాక్టరు ఇంకా విమానం ఎక్కొద్దన్నారు. మొన్న రాత్రి మళ్ళీ బల్ల చుట్టూ చేరాం. మా అబ్బాయి వెంటనే, "ఇంకేం, ఈసారి సుపీరియర్‌కి వెళ్దాం. కష్టపడేవాళ్ళు ఎవరూ లేరుగా" అన్నాడు. వాడు చెప్పింది సబబే అనిపించింది. నేనూ సరే అనబోయాను.

మా అమ్మాయి ఆపింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. "ఈసారి మనతో పక్కింటి ఆంటీవాళ్ళు కూడా వస్తున్నారు కదమ్మా. వాళ్ళ బాబు పోయిన నెలే హైదరాబాద్ నుంచి వచ్చాడు. వాడికి ఈత రాదు. నేనడిగాను" అంది.

మా అబ్బాయి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఇసక బీచ్ ఉన్న సరస్సుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లో ఈ వేసవి ప్రయాణానికి ఎవరెవరు వస్తున్నారు? వాళ్ళలో ఎవరికి ఏది కష్టం? ముందు వాళ్ళని తెలుగులో అడగండి. తర్వాత, మీ కుటుంబం ఎక్కడికి వెళ్ళాలో, ఎందుకో పది వాక్యాల్లో రాయండి. నా అభిప్రాయం మీకు నచ్చకపోతే అది కూడా రాయండి. కానీ మా అబ్బాయిలాగే కారణం చెప్పండి.